ఉబ్బిన కండెన్సర్లు - ఒక గ్రంథపాతం కథ



ఈ వేసవిలో అటక దులిపిస్తుండగా ఒక చిన్న హోమియో మందుల డబ్బా బయటపడింది. మూత తీస్తే లోపల ఐదు లోహపు గొట్టాలు. ఒక్కొక్కటి చిటికెన వ్రేలి కణుపంత ఉంటుంది. నెత్తిన చదునుగా ఉండవలసిన రేకు పొంగి, బోర్లించిన గిన్నెవలె ఉన్నది. రెండింటి తలమీద గోధుమరంగు పొక్కు గట్టిపడి ఉన్నది. "ఇవేం మాత్రలు తాతా?" అని అడిగింది మనుమరాలు. మాత్రలు కావమ్మా, కండెన్సర్లు అన్నాను. మరి వాటిని ఎందుకు దాచావని అడిగితే మాత్రం వెంటనే సమాధానం చెప్పలేకపోయాను.

ఆ సమాధానమే ఈ టపా. ఇది సగం చరిత్ర, సగం నా తప్పు ఒప్పుకోలు. 1999కీ 2007కీ నడుమ ప్రపంచమంతటా లక్షలాది కంప్యూటర్లకు సోకిన ఒక జబ్బు మా బంగారుపాళ్యం దాకా వచ్చిన వైనం ఇందులో ఉన్నది. "కంప్యూటరు నెమ్మదించింది, ఆపైన తెర నల్లబడిపోయింది" అని ఆ రోజుల్లో వాపోయిన బ్లాగ్మిత్రులు నాకు పలువురు తెలుసు. వారిలో కొందరి బాధకైనా ఇదే కారణమై ఉండవచ్చు.

మా ఊరు తెలియనివారికి ఒక మాట. చిత్తూరు నుండి పలమనేరు మీదుగా బెంగళూరు పోయే పెద్దరోడ్డు మీద ఉన్నది బంగారుపాళ్యం. చుట్టూ మామిడి తోటలు. ఎండాకాలం వస్తే తోతాపురి కాయల లారీలు, వాటి వెనుక దుమ్ము. 2003 చివర నేనొక కంప్యూటరు కొన్నాను. కొన్నాననడం కంటె కూర్పించాననడం సబబు. అప్పట్లో మావంటి ఊళ్ళలో పేరున్న కంపెనీ పెట్టె కొనేవారు తక్కువ. బోర్డు, ప్రాసెసరు, హార్డుడిస్కు వేరువేరుగా తెచ్చి కూర్చి ఇచ్చే కుర్రవాళ్ళు ప్రతి పట్టణంలోనూ ఉండేవారు. దానిని "అసెంబుల్డు" అనేవాళ్ళం. నా దగ్గర పదవ తరగతి వరకు తెలుగు చదువుకున్న ఒక శిష్యుడు పక్క పట్టణంలో అటువంటి దుకాణమే పెట్టుకున్నాడు. బెంగళూరు నుండి సామాను తెచ్చి, మా ఇంటి వసారాలో కూర్చుని, నా కళ్ళముందే అట్టపెట్టెలు విప్పి బిగించాడు. నా రెండు నెలల జీతం దానికే సరిపోయింది.

అంత ఖర్చు ఎందుకు పెట్టానంటే, మా ప్రాంతపు పల్లె మాటలు పోగుచేయాలనే పిచ్చి ఒకటి నాకు ఉండేది. మడక, కపిల, గెనిమ వంటి మాటలు. వాటిని వాడే ముసలివాళ్ళు ఒక్కొక్కరే రాలిపోతున్నారు. విండోస్ ఎక్స్‌పీలో భాషల పెట్టె తెరచి, సీడీ పెట్టి, సంక్లిష్ట లిపుల సదుపాయం ఎక్కించుకుంటే గౌతమి ఫాంటులో తెలుగు నిలబడింది. 2006లో లేఖిని వచ్చిన తరువాత నా టైపింగు వేగం పెరిగింది. 2007 నాటికి రెండువేల పైచిలుకు మాటలు, అర్థాలతో, ఎవరి నోట విన్నానో ఆ వివరాలతో సహా, ఆ పెట్టెలో చేరాయి. వేరే ప్రతి లేదు. తాటాకు గ్రంథాలకు రెండో ప్రతి వ్రాయించుకోని పండితులను తరగతిలో తప్పుపట్టినవాడినే నేను!

2007 మే నెలలో జబ్బు మొదలైంది. మొదట నెమ్మదితనం. మధ్యాహ్నం పూట ఒక అక్షరం నొక్కితే అది తెరమీదికి వచ్చేసరికి రెండు గుటకల కాఫీ అయిపోయేది. తెల్లవారుజామున మాత్రం బాగానే ఉండేది. ఆ తరువాత, పనిచేస్తూ చేస్తూ ఉన్నట్లుండి తెర నల్లబడేది. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడుతూనే ఉంటుంది, మానిటరు కింది పచ్చదీపం మాత్రం కాషాయంగా మారిపోతుంది. ఆపి, పది నిమిషాలాగి పెడితే మళ్ళీ వచ్చేది. కొన్నాళ్ళకు అదీ మానేసి, కూతలు పెట్టడం మొదలుపెట్టింది: ఒక దీర్ఘం, రెండు హ్రస్వాలు.

ఈ కూతలకు ఒక చరిత్ర ఉన్నది. 1981 ఆగస్టు 12న ఐబీఎం తన తొలి పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడే, మీట వేయగానే తన అవయవాలను తానే పరీక్షించుకొనే ఏర్పాటు దానిలో పెట్టింది. తెర పనిచేయకపోతే లోపాన్ని తెరమీద చెప్పడం కుదరదు గదా! అందుకని కూతల భాష. ఒక దీర్ఘం, రెండు హ్రస్వాలు అంటే చిత్రాన్ని తెరకు పంపే కార్డు అందడం లేదని అర్థం. తరువాతి కంపెనీలు కూతలలో రకరకాల మార్పులు చేశాయి గాని, ఈ సంకేతాన్ని చాలా బోర్డులు నిలుపుకున్నాయి. ఛందస్సు చెప్పి బ్రతికినవాడిని కనుక నాకు అది గురువు, లఘువు, లఘువుగా వినబడింది. అంటే భగణం. యంత్రం రోజుకు పదిసార్లు భగణం పలుకుతున్నా దానికి అర్థం ఉంటుందని నాకు తట్టలేదు. గణవిభజన తెలిసినా పద్యభావం తెలియని విద్యార్థి పరిస్థితి నాది.

ఇక వైద్యులు బయలుదేరారు. వైరస్సు అన్నారొకరు. ఫార్మాటు కొట్టాలన్నారు మరొకరు. నా మాటల దస్త్రం డీ డ్రైవులో ఉన్నందువల్ల బ్రతికిపోయింది గాని, ఫార్మాటు కొట్టిన తరువాత తెలుగంతా చదరపు డబ్బాలైపోయింది. మళ్ళీ సీడీ వెదికి తెలుగును నిలబెట్టుకోవడానికి వారం పట్టింది. ర్యాము తీసి, దాని బంగారు పళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్దారు. నాణెంలాంటి బ్యాటరీ మార్చారు. ఓల్టేజి హెచ్చుతగ్గులన్నారు. యూపీఎస్ మార్చాను. ప్రతి చికిత్సా రెండు రోజులు పనిచేసేది. పట్టణం నుండి వచ్చిన ఒక పెద్దమనిషి, "మీరు తెలుగు ఫాంట్లు ఎక్కించినారు గదా, కంప్యూటరు ఇంగ్లీషుకు చేసింది, దానికి బరువైపోయింది" అని తీర్పు చెప్పి వెళ్ళాడు. ఆ మాట నాకు ఎంత గుచ్చుకుందో తెలుగు బ్లాగర్లకు వేరే చెప్పనక్కరలేదు.

చివరికి నేను నా శిష్యుడి దుకాణానికి వెళ్ళాను. అక్కడ నలుగురు కొనుగోలుదారులున్నారు. వాళ్ళ ముందే, "పాత బోర్డు పెట్టి కొత్తదని ఇచ్చావు, గురువును కూడా మోసం చేశావు" అన్నాను. అతడు తలవంచుకొని, "పాతది కాదు సార్, సీలు తీసింది మీ ముందరే గదా" అన్నాడు. నేను వినలేదు. మర్నాడు సాయంత్రం ఇంటికి వచ్చి పదిహేను వందలు బల్లమీద పెట్టి వెళ్ళాడు. నేను ఆ డబ్బు తీసుకున్నాను. ఈ వాక్యం వ్రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

జబ్బును కనిపెట్టినవాడు కంప్యూటరు చదువు చదివినవాడు కాదు. మా వీధి చివర రేడియోలు, టీవీలు బాగుచేసే ముసలాయన. ఆ వేసవి చివర ఏదో మాటల్లో నా గోడు విని, పెట్టె తెమ్మన్నాడు. పక్కపలక విప్పి, టార్చిలైటు వేసి చూశాడు. మీట కూడా వేయలేదు. "అయివోరా, ఇది వైరస్సూ కాదు, ఓల్టేజీ కాదు. కండెన్సర్లు ఉబ్బినాయి. టీవీల్లోనూ ఇట్లే ఉబ్బుతాయి. కానీ ఇంత కొత్త బోర్డులో ఇన్ని ఒక్కతూరి ఉబ్బేది నేను చూడ్లేదు" అన్నాడు. ప్రాసెసరు పక్కన మూడు, చిత్రపు కార్డు గుచ్చే గాడి పక్కన రెండు. వెరసి ఐదు.

పుస్తకాలలో ఇప్పుడు కెపాసిటర్ అంటున్నా, రేడియో మెకానిక్కుల నోట అది కండెన్సరే. విద్యుత్తును కొంతసేపు నిలువ ఉంచుకొని, కావలసినప్పుడు ఇచ్చే పాత్ర అది. 1745-46లలో ఐరోపాలో పుట్టిన లైడెన్ జాడీ దాని పూర్వజ. ఇద్దరు వేరువేరుగా కనుగొన్నా, హాలండులోని లైడెన్ నగరం పేరే దానికి మిగిలింది. 1896లో చార్లెస్ పొల్లాక్ అనే శాస్త్రజ్ఞుడు అల్యూమినియం మీద ఏర్పడే పలుచని పొరను ఆధారం చేసుకొని ద్రవం నింపిన కండెన్సరుకు పేటెంటు కోరాడు. నా డబ్బాలోని గొట్టాలు ఆ వంశానివే. లోపల రెండు అల్యూమినియం రేకులు, వాటి నడుమ ఒక ద్రవంలో తడిపిన కాగితం, అన్నీ చాపవలె చుట్టి ఉంటాయి.

నా కంప్యూటరులోని పెంటియం 4 ప్రాసెసరుకు కావలసింది సుమారు ఒకటిన్నర వోల్టులే. కాని ప్రవాహం 40 ఆంపియర్ల దాకా కావాలి. క్షణక్షణానికీ ఆ అవసరం పెరిగి తరుగుతూ ఉంటుంది. పైనుండి వచ్చే 12 వోల్టులను దించి, అలలు లేకుండా నిలకడగా అందించే పనిలో ఈ కండెన్సర్లు చెరువు వంటివి. వాన ఎట్లా పడినా, తూము నుండి నీరు ఒకే తీరున పారాలి. చెరువు పూడిపోతే తూములో నీరు కాసేపు ఉరుకుతుంది, కాసేపు ఎండుతుంది. ప్రాసెసరు దగ్గర చెరువు పూడితే యంత్రం ఉన్నట్లుండి బిగుసుకుపోతుంది. చిత్రపు కార్డు దగ్గర పూడితే తెర పోతుంది.

మరి నెమ్మదితనం? అది వేరే జబ్బు. ఈ సంగతి ముసలాయనే తేల్చాడు. ప్రాసెసరు నెత్తినున్న లోహపు రెక్కల మధ్య నాలుగేళ్ళ మామిడి లారీల దుమ్ము దూదిపరుపులా పేరుకొని ఉన్నది. గాలి ఆడక వేడెక్కిన పెంటియం 4 తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. 2001లో ఒక ప్రసిద్ధ హార్డువేరు పరీక్షకుడు దీనిని కళ్ళకు కట్టి చూపించాడు. ఆట ఆడుతున్న కంప్యూటరు నుండి చల్లబరిచే లోహాన్ని ఊడబీకితే పెంటియం 4 నత్తనడక నడిచింది, చావలేదు. అదే పరీక్షలో నాటి అథ్లాన్ ప్రాసెసరు క్షణాలలో కాలిపోయింది. కనుక నా పెట్టె మధ్యాహ్నం మందగించి తెల్లవారుజామున చురుకుగా ఉండడంలో మాయ లేదు, ఎండ ఉన్నది. తెలుగు ఫాంట్ల బరువు అందులో ఇసుమంతైనా లేదు.

రెండు జబ్బులకూ వేడిమితో బంధుత్వం ఉన్నది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఇటువంటి కండెన్సరు ఆయుష్షు సగమవుతుందని ఆ రంగంలోని స్థూలసూత్రం. 105 డిగ్రీల వద్ద 2000 గంటలు పనిచేయగల కండెన్సరు 65 డిగ్రీల వద్ద 32,000 గంటలు బ్రతకాలి. రోజుకు నాలుగు గంటలు మాత్రమే వాడే నా పెట్టెలో అది ఇరవై ఏళ్ళ ఆయుష్షు. మూడున్నరేళ్ళకే ఐదింటికి ఐదు చచ్చాయంటే దోషం మా ఊరి ఎండది మాత్రమే కాదు.

ఇక్కడ నుండి కథ జపాను పోతుంది. 1990ల చివర ప్రాసెసర్ల ఆకలి పెరిగింది. త్వరగా నిండి త్వరగా ఖాళీ అయ్యే చవక కండెన్సర్లు కావలసివచ్చాయి. జపాను కంపెనీలు ద్రవంలో నీటిపాలు పెంచి దానిని సాధించాయి. కాని నీరు ప్రమాదకరమైన చుట్టం. అల్యూమినియాన్ని, మనం సత్తు అంటాము గదా దానిని, నీరు తినివేస్తుంది. అప్పుడు హైడ్రోజను వాయువు పుడుతుంది. పైన మూత బిగించిన గొట్టంలో వాయువు పుడితే నెత్తి ఉబ్బక ఏమవుతుంది? దానిని ఆపడానికి ద్రవంలో కొన్ని నిరోధక ద్రవ్యాలు కలపాలి. ఏవి, ఎంత, అన్నదే ఆ వంటకపు రహస్యం.

1999 ప్రాంతం నుండి తైవానులో తయారైన కొన్ని రకాల కండెన్సర్లు నెలలలో, ఏడాది రెండేళ్ళలో ఉబ్బి కారిపోవడం మొదలైంది. 2002లో విడిభాగాల పరిశ్రమకు చెందిన ఒక పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. 2003 ఫిబ్రవరిలో అమెరికా విద్యుత్ ఇంజనీర్ల సంఘం వారి ఐఈఈఈ స్పెక్ట్రమ్ పత్రిక దీని మీద కథనం ప్రచురించింది. ఆనాటి పత్రికల కథ ఇది: జపాను కంపెనీలో పనిచేసిన ఒక శాస్త్రజ్ఞుడు చైనాకు పోయి అక్కడి కంపెనీలో ఆ ద్రవాన్ని మళ్ళీ తయారుచేశాడు. అతని క్రింద పనిచేసినవారు ఆ సూత్రాన్ని ఎత్తుకొని తైవాను చేరారు. కాని వారి చేతికి వచ్చిన ప్రతి అసంపూర్ణం. నిరోధక ద్రవ్యాల పంక్తి అందులో లేదు. 2004లో విఫలమైన కండెన్సర్ల ద్రవాన్ని పరీక్షించిన పరిశోధకులకు ఉండవలసిన ఫాస్ఫేటువంటి ద్రవ్యాలు కనబడలేదు. పుట్టిన వాయువు హైడ్రోజనేనని కూడా తేలింది.

ఈ కథ చదివినప్పుడు నాకు తాటాకులు కళ్ళముందు కదిలాయి. మన వ్రాతప్రతులలో నడుమ కొంత భాగం జారిపోతే దానిని గ్రంథపాతం అంటాము. ఒకే మాటతో ముగిసే రెండు పంక్తులున్నచోట లేఖకుని చూపు మొదటిదాని నుండి రెండవదానికి దూకుతుంది. నడుమది పోతుంది. ఆ ప్రతిని చూసి వ్రాసినవాళ్ళందరికీ అది లేనట్లే. ప్రతి బాగానే కనబడుతుంది, అక్షరాలు ముత్యాలవలె ఉంటాయి. అర్థం చెప్పబోయినప్పుడే తెలుస్తుంది.

దానికి మందు ఏమిటో మా రాయలసీమలోనే ఒక దొర చూపించాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చాడు. 1826లో అక్కడ బంగళా కొని, పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టాడు. ఒకే గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, ప్రక్కప్రక్కన పెట్టి పోల్చి, దోషాలు దిద్దించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. 1829లో అచ్చయిన అతని వేమన పద్యాల సంపుటి ఆ శ్రమ ఫలమే. ఒక్క ప్రతిని నమ్మరాదు, నాలుగు చూసి తేల్చాలి. ఇది పండితులకే కాదు, కండెన్సర్లు కొనే కంపెనీలకూ పనికివచ్చే నీతి.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉన్నది. సూత్రం దొంగిలించబడిందనే కథ పత్రికలలో వచ్చిందే గాని, న్యాయస్థానంలో ఋజువు కాలేదు. పైగా ఈ కాలపు జబ్బులన్నీ తైవాను కండెన్సర్లవీ కావు. డెల్ కంపెనీ వ్యవహారం చూడండి. 2003 మే నుండి 2005 జూలై వరకు ఆ కంపెనీ పంపిన 1 కోటి 18 లక్షల కంప్యూటర్లకు ఈ ప్రమాదం పొంచి ఉన్నదని ఒక దావాలో బయటపడ్డ పత్రాలను బట్టి న్యూయార్క్ టైమ్స్ 2010 జూన్‌లో వ్రాసింది. వాటిలోని చెడ్డ కండెన్సర్లు నిచికాన్ అనే పేరుమోసిన జపాను సంస్థవి! ఆ సంస్థ నుండి ఎవరూ ఏమీ దొంగిలించనక్కరలేదు. తయారీలోనే తప్పు జరిగింది. కాని "దొంగ కాజేసిన సగం సూత్రం" అనే కథ చెప్పుకోవడానికి రుచిగా ఉంటుంది. కనుక ఉబ్బిన ప్రతి కండెన్సరుకూ అదే కథ అంటగట్టారు. లోపం ఎట్లా ప్రతి నుండి ప్రతికి పాకిందో, లోపాన్ని గురించిన కథ కూడా అట్లాగే పాకింది.

ఆ న్యూయార్క్ టైమ్స్ వార్తలో ఇంకొక విశేషం ఉన్నది. టెక్సాస్ విశ్వవిద్యాలయపు గణితశాఖలో కంప్యూటర్లు చెడిపోతుంటే, కష్టమైన లెక్కలు చేయించి యంత్రాలను అలసటపెట్టారని ఆ విశ్వవిద్యాలయానికి సమాధానం వచ్చిందట. చదివి చాలాసేపు నవ్వుకున్నాను. గణితశాస్త్రజ్ఞులకు లెక్కలు అంటగట్టారు, నాకు తెలుగు అంటగట్టారు. జబ్బు ఏమిటో తెలియనప్పుడు రోగి అలవాట్లను తిట్టడం ఎక్కడైనా ఒకటే.

నవ్వు ఆగిన తరువాత మరొక సంగతి గుచ్చుకుంది. రోగి అలవాట్లను తిట్టనివాడు అమ్మినవాణ్ణి దొంగ అంటాడు. నేను రెండవ రకం. నా చేతిలో సాక్ష్యం లేదు. పెట్టె విప్పి చూడనైనా లేదు. దొంగ ఉన్నాడనుకుంటే జబ్బుకు కారణం దొరికినట్లే గదా, ఇక వెదకనక్కరలేదు. అందుకే ఆ ఆలోచన అంత సుఖంగా ఉంటుంది.

పెద్ద కంపెనీలు ఈ దెబ్బను ఎట్లా తట్టుకున్నాయో లెక్కలున్నాయి. డెల్ 2005లో ఈ మరమ్మతుల నిమిత్తం 30 కోట్ల డాలర్లు ఖర్చు వ్రాసుకున్నది. ఆపిల్ కంపెనీ తన ఐమాక్ జీ5 యంత్రాలలో తెర చెదరడం, తెర రాకపోవడం, కరెంటు అందకపోవడం వంటి లక్షణాలున్నవాటికి 2005లో ఉచిత మరమ్మతు ప్రకటించింది. నష్టం అందరిదీ ఒకటే, నిలువ డబ్బే వేరు. బోర్డు, ప్రాసెసరు, ర్యాము తెచ్చి కూర్చి ఇచ్చే మా ప్రాంతపు కుర్రవాళ్ళకు ఏ ఖాతాలో వ్రాసుకోవడానికి ఏముంది? వారెంటీ గడువు దాటిన బోర్డును ఎవరూ వెనక్కు తీసుకోరు. కొన్నవాడు మాత్రం ఇంటికి వచ్చి కాలరు పట్టుకుంటాడు.

2010లో ఆ వార్త చదివిన రోజునే శిష్యుని కోసం వెదికాను. దుకాణం ఉన్నచోట చెప్పుల కొట్టు ఉన్నది. ఎవరినో అడిగి నంబరు సంపాదించి ఫోను చేశాను. బెంగళూరులో ఒక సంస్థలో కంప్యూటర్లు చూసే ఉద్యోగం చేస్తున్నాడు. జరిగినదంతా చెప్పి, తప్పు నాదే అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తరువాత, "ఆ లాటు బోర్డులు పదకొండు అమ్మినాను సార్. ఎనిమిది పోయినాయి. అందరూ మీ మాదిరే అన్నారు. అందరికీ దుడ్డు ఇచ్చినాను. అంగడి దానితోనే పోయింది" అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నిష్ఠూరం ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

పదిహేను వందలు పంపుతానంటే వద్దన్నాడు. ఆ దసరాకు బెంగళూరు వెళ్ళి, అతని ఇంట్లో అతని భార్యాబిడ్డల ముందు, నేనన్న మాట తప్పని చెప్పి, ఆ డబ్బు అతని కూతురి చేతిలో పెట్టి వచ్చాను. నలుగురి ముందు అన్న మాటను నలుగురి ముందే వెనక్కు తీసుకోవాలి గదా! కాని ఆ రోజు దుకాణంలో ఉన్న నలుగురు వీరు కారు. వారు ఎక్కడున్నారో నాకు తెలియదు. వారి మనసులో నా శిష్యుడు ఇప్పటికీ గురువును మోసం చేసినవాడే. ఆ పాఠం దిద్దడం నా చేతిలో లేదు. అందుకే ఇక్కడ వ్రాస్తున్నాను.

నా కంప్యూటరు సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ముసలాయన మద్రాసు రిచీ వీధి నుండి 3300 మైక్రోఫారడ్ల కొత్త కండెన్సర్లు తెప్పించాడు. టీవీలలో వేసే మామూలువి వేస్తే ఈ వేగానికి నిలబడవని, కంప్యూటరు బోర్డు రకమే కావాలని పట్టుబట్టాడు. ధన ఋణ గుర్తులు చూసుకొని అతికాడు. పాతవి పారవేయబోతే నేనే అడిగి తీసుకున్నాను. దుమ్ము ఊది, ప్రాసెసరు నెత్తిన ఎండిపోయిన లేపనం తుడిచి కొత్తది పూశాడు. మీట వేస్తే భగణం పలకలేదు, ఒకే ఒక్క లఘువు పలికింది. అంతా క్షేమమని దాని అర్థం. తెరమీద నా మాటలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. తెర పోయినంత మాత్రాన అక్షరం పోలేదన్నమాట. అయినా ఆ రాత్రే మూడు సీడీలు వ్రాసి మూడు ఇళ్ళలో పెట్టాను. ఆ యంత్రం ఇంకో ఐదేళ్ళు పనిచేసింది.

ఆ తరువాతి కాలంలో బోర్డుల తయారీదారులు క్రమంగా ద్రవం లేని ఘన పాలిమర్ కండెన్సర్లకు మారారు. ప్రాసెసరు చుట్టూ ఇప్పుడు చాలావరకు అవే కనబడతాయి. ఉబ్బే జబ్బు బాగా తగ్గింది గాని, మాయం కాలేదు. కరెంటు పెట్టెలలో, టీవీలలో, పాత యంత్రాలలో ద్రవం నింపినవి ఉన్నాయి. కనుక ఎవరి పెట్టె అయినా నెమ్మదించి తెర పోగొట్టుకుంటే నా అనుభవం ఇది: ముందు మానిటరు తీగ ఊడిందేమో చూడండి, వీలైతే మరొక మానిటరు తగిలించి చూడండి. కూతలు ఉంటే లెక్కపెట్టి, మీ బోర్డు పుస్తకంలో అర్థం వెదకండి. కరెంటు తీగ ఊడబీకి, పక్కపలక విప్పి దుమ్ము చూడండి, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూడండి. కండెన్సర్ల నెత్తులు చదునుగా ఉన్నాయో లేదో టార్చిలైటుతో పరికించండి. కరెంటు పెట్టెను మాత్రం మీరు విప్పకండి, తీగ ఊడబీకిన తరువాత కూడా దాని కండెన్సర్లు కొట్టగలవు. ఫార్మాటు చిట్టచివరి మాట. దస్త్రాలకు రెండో ప్రతి మొట్టమొదటి మాట.

మన వైద్యశాస్త్రంలో రోగకారణాన్ని కనుగొనడాన్ని నిదానం అంటారు. వాడుకలో నిదానమంటే తొందరపడకపోవడం. రెండూ ఒకే మాట కావడం ఊరికే జరిగింది కాదని ఈ ఐదు గొట్టాలను చూసినప్పుడల్లా అనిపిస్తుంది. మనుమరాలికి ఇంత వివరంగా చెప్పలేదు. "ఒకరిని అనరాని మాట అన్నాను తల్లీ, దాని గుర్తుగా దాచాను" అన్నాను. డబ్బాను మళ్ళీ అటక మీదికి పంపలేదు. కంప్యూటరు బల్ల మీదనే పెట్టుకున్నాను.

మీ పెట్టెలలో ఉబ్బినవి ఎవరికైనా తగిలి ఉంటే, దానివల్ల మీ ఊరిలో ఏ కుర్రవాడి దుకాణమైనా మూతపడి ఉంటే, పేర్లు లేకుండా ఆ వృత్తాంతం వ్రాసిపెట్టండి. పెద్ద కంపెనీల లెక్కలు దొరుకుతున్నాయి, వీరివి దొరకడం లేదు. ఈ గ్రంథపాతాన్ని పూరించగలవారు మనమే.

ఉంటాను.